ట్రేలో మిగిలిన మేత

కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని, రేపటి ఏడో తరగతి ఇంగ్లీషు పరీక్షకి చదువుతున్న కూతురు విసుగెత్తి పుస్తకం మూసేసింది. నీళ్లలోంచి మేత ట్రే పైకి లాగుతున్న తండ్రి ఇటు తిరిగాడు.

"ఏమ్మా, అయిపోయిందా?"

"సిమిలీ, మెటఫర్ వచ్చేశాయి నాన్నా. ఈ ఇన్‌ఫరెన్స్ ఒక్కటే బుర్రకెక్కట్లేదు. పాఠంలో రాయనిది మనమే కనిపెట్టాలంట. రాయకపోతే ఎలా తెలుస్తుంది?"

"ఈ బురద నీళ్లలో రొయ్య నీకు కనిపిస్తోందా?"

"లేదు."

"మరి దానికి ఒంట్లో బాగుందో లేదో నాకెలా తెలుస్తోంది?"

"ట్రేలో మేత మిగిలితే బాగాలేనట్టు... ఓహో! ఇదేనా ఇన్‌ఫరెన్స్?"

"ఏమో, ఇంగ్లీషు నీది. సరే, నేనొకటి అడుగుతా. మూడ్రోజులుగా నీ క్యారేజీలో అన్నం సగం మిగిలొస్తోంది. అంటే?"

"నాకు ఒంట్లో బాగాలేదు."

"ఇంటికొచ్చి గంతులేస్తున్నావు. పైగా యూనిఫాం మీద అల్లం చట్నీ మరక. మీ అమ్మ అల్లం చట్నీ చేసి నెలైంది."

ఆ పిల్ల గబగబా పుస్తకం తెరిచింది.

"మనం సమ్మరీకి వెళ్దాం నాన్నా. కథంతా ఒక్క వాక్యంలో చెప్పాలి."

"స్కూలు ముందు పునుగుల బండి పెట్టారు."

"...అమ్మకి చెప్తావా?"

"నేను చెప్పను. కానీ మీ అమ్మకి పుస్తకం లేకుండానే ఇన్‌ఫరెన్స్ వచ్చు. రేపు నాకో పొట్లం తెచ్చేటప్పుడు చట్నీ వెయ్యొద్దని చెప్పు."