చెంప పక్కన రంగు డబ్బా

రాయచెర్లు సోలార్ పార్కు కంచె దగ్గర నల్లమ్మ కాళ్లు బారజాపుకుని కూర్చుంది. ప్రకటన షూటింగుకు మనుషుల్ని కుదిర్చే యోగీశ్ ఆమె ఎదుట చెమట తుడుచుకుంటున్నాడు.

“అట్లంటే ఎట్ల అత్తా? జీవాలు నీవే కదా! ఆ హీరోయినమ్మ ముందు నడుస్తాంటే ఒక్క మేకా వెనక పోతాలేదు.”

“మేకప్పు వేసుకుంటే మేకలొస్తాయా అల్లుడా?”

“ఎగతాళి వద్దు. ఎండ దిగితే నా పని పాయె.”

“నిన్న నా మర్యాద పోలేదా? ‘ఈ ప్రకటనలో సూర్యుని బిడ్డవు నువ్వే’ అని ఊరంతా చూస్తాండగా కెమెరా ముందర నిలబెట్టినావు. ఆ డైరెక్టరేమన్నాడు?”

“అదీ... లైటింగు...”

“ఏమన్నాడో చెప్పు.”

“మరీ నలుపన్నాడు.”

“ప్యానెల్ నల్లగుంటే కరెంటు, నేను నల్లగుంటే కరెక్టు కాదు! మరి బెంగళూరు నించి తెల్లబిడ్డను పిలిపించి ఏం చేసినారు?”

“నలుపు పూసినారు.”

“ఎవరి నలుపు?”

“పోనీలే అత్తా...”

“నా చెంప పక్కన డబ్బా పెట్టి, చూసి చూసి కలిపినారు గదప్పా! పైగా పొద్దుగూకేదాకా ఆ బిడ్డకు గొడుగు నాతోనే పట్టించినారు. తార అంట తార! తారు పూసిన తార!”

“తప్పే. కాళ్లు పట్టుకుంటా. ఉపాయం చెప్పు.”

“...ఇదో, కొంగులో జీవాలకని తెచ్చిన ఉప్పుండాది. నీళ్లలో కలిపి ఆ బిడ్డ మొహానికి, మెడకు, చేతులకు బాగా పట్టించు. జీవాలు వదలమన్నా వదలవు. చెమట మాదిరి మెరుస్తాది, డైరెక్టరుకూ నచ్చుతాది.”

“దేవతవు అత్తా!”

కాసేపటికి నల్లమ్మ ఫోను మోగింది.

“అత్తా! నాకుతాండాయి! చుట్టుముట్టి నాకుతాండాయి!”

“వెంట పడినాయా లేదా?”

“పడినాయి! రంగంతా నాకేసినాయి! ఒక చెంప నలుపు, ఒక చెంప తెలుపు!”

“ఆ బిడ్డ ఏడుస్తాందా?”

“చక్కిలిగింతలంట, పడీపడీ నవ్వుతాండాది. డైరెక్టరే ఏడుస్తాండాడు. డబ్బాలో రంగు అయిపోయింది!”

“నా రంగు నా జీవాలు వాపసు తెచ్చుకున్నాయి. తప్పేముండాది?”

“నువ్వు... కావాలనే...”

“ఇంకేమన్నాడు మీ డైరెక్టరు?”

“నిన్నే నిలబెడతాడంట. బిరీన రా అత్తా!”

“నిన్న మరీ నలుపన్నాడే?”

“ఇప్పుడు ఆ నలుపే కావాలంట!”

“వస్తా. ఆ గొడుగు యాడుండాది?”

“ఈడే ఉండాది. ఆ బిడ్డకు వేరేవాళ్లు పడతారులే, నువ్వు రా.”

“గొడుగు ఆ బిడ్డకు కాదురా, నాకు. మీ డైరెక్టరునే పట్టుకోమను. పట్టనంటే చెప్పు, కొంగులో ఇంకా ఉప్పుండాది.”