దించిన దండెం

"మీ పెద్దమ్మ కుడిచెయ్యి పాడుచేసింది ఆ ఆసుపత్రే. అందులో మాట్లాడ్డానికేం లేదు."

హావ్ దెషాన్ నూడుల్స్ ఆరేసే పెరట్లో, తమ్ముడి కొడుకు రుయ్‌లిన్ ఆసుపత్రి కాయితంతో నిలబడి ఉన్నాడు.

"అమ్మనీ అక్కడే చేర్చాం పెదనాన్నా. బండి బోల్తాపడి నాలుగు పక్కటెముకలు విరిగాయి. ఊపిరి తీస్తే గుచ్చుకుంటోందట. రేపు పొద్దున ఆపరేషను. నాన్న లేడు కాబట్టి సంతకం నాదే."

"పెట్టు. నన్నెందుకు అడగడం?"

"రెండు రకాలట. పక్కన జానెడు కోసి ఎముకలకి పట్టీలు బిగించడం ఒకటి. చిన్న చిన్న కోతలు పెట్టి, కెమెరా లోపలికి దించి చూస్తూ బిగించడం ఇంకోటి. ఏది చేయించమంటావు?"

"నేను డాక్టర్నా?"

"పెద్దమ్మకీ నాలుగే కదా విరిగింది. అందుకని..."

"మాకు ఒక్కటే చెప్పారు. పెద్ద కోత. చిన్నదుందని చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే?"

"వేడినీళ్ళు తాగుతావా?"

"వద్దు. చెప్పి ఉంటే?"

"చేయించేవాణ్ణి. ఊరందరికీ తెలుసు."

"ఊరందరికీ నువ్వే చెప్పావు. పెద్దమ్మ ఎవరికీ చెప్పలేదు."

"దానికి మాటలు తక్కువ."

"పెద్దమ్మకి ఆపరేషను చేసిన గావ్ డాక్టరమ్మ ఇంకా అక్కడే ఉంది. మన ఇంటిపేరు చూసి, హావ్ దెషాన్ నీకేమవుతాడని అడిగింది."

"ఏమంది?"

"పెద్దమ్మకీ రెండు బొమ్మలూ గీసి చూపించిందట. ఆ విరిగిన చోటికి రెంట్లో ఏదైనా చెయ్యొచ్చట. చిన్నదైతే కండ తక్కువ తెగుతుంది, చేతులెత్తి పనిచేసే మనిషికి అది నయం అందట. అమ్మకీ అదే మాట చెప్పింది."

"నాకు గుర్తులేదు."

"సంతకం నీదేనట."

"ఇంటాయనది కాక ఇంకెవరిది?"

"మరి పెద్దదానికెందుకు పెట్టావు? కంటికి కనపడంది ఎలా అతుకుతుందనా?"

"ఆ. అదే. లోపల ఏం బిగిస్తారో ఏమో అని."

"ఇందాక ఒక్కటే చెప్పారన్నావు."

"కూర్చో. నిలబడి ప్రాణం తియ్యకు."

"ఈ దండెం గుంజలు కోసింది పెద్దమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే కదూ?"

"మూరెడు కోశాను. చెయ్యి భుజం దాటి లేవలేదు దానికి. అందకపోతే ఎలా ఆరేస్తుంది?"

"అప్పట్నించే మన నూడుల్స్ పొట్టివయ్యాయి."

"పొడుగు నూడుల్స్ తింటే ఆయుష్షని పుట్టినరోజు విందులకి కొనేవాళ్ళు, మానేశారు. మా ఆయుష్షు కత్తిరిస్తావా అని గుమ్మంలోనే ఎగతాళి చేశారు దాన్ని. నవ్వి ఊరుకుంది."

"అమ్మదీ ఇదే పని. నిజం చెప్పు పెదనాన్నా. చిన్నదాంట్లో ఏదో లోపం చూసే వద్దన్నావు కదూ? అలాగైతే అమ్మకీ పెద్దదే చేయిస్తా."

"చేయించకు!"

"ఎందుకు?"

"లోపం లేదు. ఏ లోపమూ లేదు. ఆ డాక్టరమ్మ బొమ్మలు నాకు చూపించలేదు, మంచం మీద ఉన్నదానికి చూపించింది. నేను నోరు తెరిచేలోగా ఇది చిన్నకోత బొమ్మ మీద వేలు పెట్టేసింది. పక్కమంచం ఆవిడ మొగుడు, 'మీ ఇంట్లో మగాడెవరోయ్?' అన్నాడు. వార్డంతా నవ్వింది."

"అందుకా?"

"నడవాలోకి పోయి పెద్దకోతకి సంతకం పెట్టాను."

"డాక్టరమ్మ అడగలేదా?"

"రెండుసార్లు అడిగింది. ఇద్దరం మాట్లాడుకున్నామన్నాను."

"పెద్దమ్మకి తెలిసిందా?"

"మెలకువ రాగానే పక్క తడుముకుంది. కట్టు ఎంత పొడుగుందో చేత్తోనే చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. ఆరేళ్ళు, పోయేదాకా, ఆ మాట ఎత్తలేదు."

"మరి ఊళ్ళో నువ్వు ఆసుపత్రిని తిడుతుంటే?"

"పక్కనే కూర్చుని పిండి పిసికేది."

"పెదనాన్నా..."

"ఆ కాయితం మీ అమ్మకిచ్చి, ఏది కావాలో ఆమెనే వేలు పెట్టమను. అక్కడే సంతకం పెట్టు. నువ్వు ఇంకేం అడక్కు. ఆ ఆసుపత్రి ఊసు గానీ, దాని చెయ్యి ఊసు గానీ ఇంక నా నోట రాదు."