బోణీకి కొన్న మౌస్

శుక్రవారం పొద్దున, నాచారంలో పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే దుకాణం. లక్ష్మీదేవి పటం ముందు అగరుబత్తి ఇంకా వెలుగుతోంది. మొదటి గిరాకీగా వచ్చిన ఆమె, దుకాణదారుడి ఎదుట కూర్చుని, తనకు నచ్చిన ల్యాప్‌టాప్‌ను అతని వైపు జరిపి తన ఫోన్ తీసింది.

“తమ్మీ, దీంట్ల ఉన్నదంత చెరిపేసి మల్ల మొదటికెల్లి షురూ చెయ్యి. నెట్ నా ఫోన్‌ది ఇస్త.”

“నెట్ ఎందుకక్కా? లేకున్నా మస్తు నడుస్తది.”

“నెట్ పెడితెనే అసలు ఓనరెవరో బయటపడ్తదని మా బిడ్డ హిమజ జెప్పింది. సోమవారం నుంచి ఇంటికాడ కూసొనే దాని ఉద్యోగం. నడుమల లాక్ పడితే?”

“లక్ష్మమ్మ ముందల జెప్తున్న, ఏం గాదు.”

“అమ్మవారిని జామీను పెట్టకు. నెట్ పెట్టు.”

అరగంటకు తెర మీద ఎవరిదో కంపెనీ పేరు వచ్చి, పాస్‌వర్డ్ అడిగింది.

“గిదేంది?”

“వాళ్లు అమ్మేటప్పుడు పేరు తీసుడు మర్సిపోయినట్టున్నరు. నేను దాటిస్త తియ్.”

“దాటించుడొద్దు. వాళ్లతోనే తీపియ్యి. పరాయోళ్ల పేరున్న సామానుకు నా ఇంట్ల బొట్టు పెట్టి, దేవుని ముందల ఎట్ల పెట్టాలె?”

“బోణీ బేరమక్కా! శుక్రవారం పూట ఉత్త చేతుల పోతవా?”

ఆమె అగరుబత్తి వైపు చూసింది.

“పోను. నీ బోణీ నేను చెడగొట్ట. గా మౌస్ ఇయ్యి.”

“ఒట్టి మౌస్‌తోని ఏం జేస్తవక్కా?”

“సాయంత్రం లోపల గా పేరు తీపిస్తే నీ ల్యాప్‌టాప్‌కే పెట్టుకుంట. తీపియ్యకపోతే ఉప్పల్‌ల ఇంకో దుకాణం సూస్కుంట. ఆడ గూడ నెట్ నాదే.”