ఒలోహెంగాని జరిపిన చేప

నుకునోను దీవిలో ఆ సాయంత్రం మడుగు నీళ్లు సిగ్గుపడ్డ పిల్ల బుగ్గల్లా ఎర్రబడ్డాయి. పడవల పాక కింద ఊళ్లోవాళ్లు చేరి కొబ్బరికల్లు తాగుతున్నారు. ఫలానికో పెద్దాయన ఓ వార కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. సూర చేపల వేటకెళ్లే పెద్ద పడవలో చుక్కాని పట్టేదెవరో తెల్లారేసరికి ఆయన చెప్పాలి. చుక్కాని పట్టేవాడు కూర్చునే ఆ వెనక బల్ల పెతెలో అనేవాడికి కలల్లోకి కూడా వస్తోంది. అందుకే ఆయనకి వినబడేలా గొంతెత్తాడు.

"ఆమధ్య మీరంతా చర్చి కప్పు నేస్తుంటే నేనొక్కణ్ణే పగడపు దిబ్బ దాటాను. ఓ సూర చేప పడింది. నా మోచేతంత."

"అంతేనా? ఒంట్లో బాగుందా బావా?" అన్నాడు బావమరిది తవితా.

"ఆగరా. అది ఎర మాత్రమే. దాన్ని మింగడానికి ఇంకోటొచ్చింది. అది తోక విసిరితే పక్క దీవి ఫకావోఫోలో అల చర్చి మెట్లెక్కింది. నేను తాడు నడుముకి చుట్టుకున్నాను, అది లాగింది, లాగింది, పొద్దుగూకేలోపు సమోవాలో ఆపియా రేవు దీపాలు కనబడ్డాయి. అక్కడివాళ్లు ఓడొచ్చిందనుకుని బస్తాలు దించడానికి వచ్చారు కూడా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీకు పెళ్లి చేసి పంపించారు," అన్నాడు తవితా.

"చేపని వెనక్కి తిప్పాను. ఒంటి చేత్తో. రెండో చేతిలో చుట్ట ఉందిగా మరి. దారిలో ఒలోహెంగా కొబ్బరిచెట్లకి తాడు చుట్టుకుంది. చేప ఊరుకుంటుందా, దీవిని దీవినే పెకలించి అటు అమెరికావాళ్ల వైపు జరిపేసింది."

"ఒలోహెంగాని అమెరికావాళ్లు మా తాత రోజుల్లోనే తీసేసుకున్నారు కదా," అన్నాడు తవితా.

"వాళ్లు తీసుకున్నది కాగితం మీదరా. నీళ్లలో జరిపింది నా చేపే."

పాకంతా గొల్లున నవ్వింది. ఫలానికో చేతుల్లో తాడు ఆగింది. పెతెలో గుండె పొంగింది. పెద్దాయన వింటున్నాడు.

"చివరికి ఒడ్డుకి ఈడ్చాను. నెల్లాళ్లు తిన్నాను. తలకాయ ఒక్కటే వారం వచ్చింది."

"ఎక్కడ తిన్నావురా?" అడిగింది లెపెకా. ఊళ్లో పట్టిన చేపలకి ఇంటింటి వాటాలు వేసేది ఆవిడే.

"ఇంట్లోనే అత్తా."

"మరి మా వాటా ఏది? నిన్నగాక మొన్న పుట్టిన పసిగుడ్డుకి కూడా వాటా వేస్తానే. నీ చేప ముల్లు కూడా నా కంటబడలేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఊరికి పెట్టకుండా తిన్నవాడి పక్కన పడవలో ఎవరూ కూర్చోరు. పెతెలో చుట్టూ చూశాడు. తవితా కూడా తల తిప్పేసుకున్నాడు.

"దాచుకుని తిన్నావా పెతెలో?" అన్నాడు ఫలానికో, మెల్లగా.

"లేదు చిన్నాయనా." పెతెలో ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. "అసలు చేపే లేదు. దిబ్బ కూడా దాటలేదు. ఆ పూట ఇంట్లో పడుకున్నాను."

పెద్దాయన ఊపిరి వదిలి మళ్లీ తాడు అందుకున్నాడు.

"బతికించావురా. కోతలరాయుడైతే పడవలో ఎక్కించుకోవచ్చు. నడిమి బల్ల మీద కూర్చుని, అడుగున చేరే నీళ్లు తోడు."