పైవాటా అమ్మాయికి కనిపించినంత వరకు

మా వీధిలో నన్ను పైవాటా అమ్మాయి అంటారు. అసలు పేరు ఈ కాగితం తలమీద మీరే రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పను. వయసు ఇరవై ఆరు. డిగ్రీ చదివాను. అమ్మకానికి వచ్చిన ఇళ్ళ కొలతలు తీసి ప్లాను గీసే సంస్థలో పని చేస్తున్నాను. ఇది నాలుగో ఉద్యోగం. మొదటి మూడూ ఎందుకు వదిలేశావని అడిగారు. కుర్చీలోంచి కదలనివ్వని చోట నేను ఉండలేను. అది ఈ కేసుకు అక్కర్లేదంటే కొట్టేయండి.

కేసు మా ఇంటి యజమాని రాసిన వీలునామా గురించి. ఆయనది కళ్ళద్దాల దుకాణం. కింద ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. పైవాటాలో నేనూ మా అమ్మా పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నాం. ఆయన్ని నేను తాతగారు అనేదాన్ని. కిందటి చలికాలంలో పోయారు. ఇల్లు మొత్తం కూతురికి రాసి పోయారు. రాసినప్పుడు తండ్రికి మతి స్థిమితం లేదని, సాక్షుల్లో ఒకరు అసలు అక్కడికి రానేలేదని, ఆ సంతకం తర్వాత ఎప్పుడో పెట్టించుకున్నారని కొడుకు ఫిర్యాదు చేశారు. ఆ రాలేదంటున్న సాక్షి మా వీధి చివర టైలర్ మాస్టారు. ఆయన కూడా ఈమధ్యే పోయారు. మిగిలిన సాక్షిని నేను.

వీలునామా మీద సంతకాలు జరిగింది ఆదివారం పొద్దున, పది దాటాక. తాతగారు కళ్ళజోడు పెట్టెతో మెట్ల కమ్మీ మీద రెండుసార్లు కొట్టారు. రెండు కొడితే నన్ను పిలిచినట్టు, మూడు కొడితే అమ్మని. దిగి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. దుకాణం తలుపు ఒక రెక్క మూసి ఉంది. కళ్ళు చూపించుకునేవాళ్ళు కూర్చునే కుర్చీలో టైలర్ మాస్టారు కూర్చుని ఉన్నారు. మాస్టారు అక్కడ ఉన్నారు. నేను చూశాను.

బల్ల మీద టైపు చేసిన కాగితాలు పెట్టి తాతగారు అన్నారు: "ఇది నా వీలునామా. నేను సంతకం పెట్టడం మీరిద్దరూ చూడాలి. చూడాలంటే ముందు మీకు కళ్ళు కనిపించాలి."

"ముప్పై ఏళ్ళుగా సూదిలో దారం ఎక్కిస్తున్నాను సార్," అన్నారు మాస్టారు.

"దారం మీ ఆవిడ ఎక్కిస్తుంది. మీ అద్దాలు మీరు జేబులోనే పెట్టుకు తిరుగుతారు. ఇవాళ జేబులో కూడా లేవు. ఐదో వరుస చదవండి."

ఎదుటి గోడకి అక్షరాల చార్టు ఉంది. మాస్టారు ఐదో వరుస చదివారు. చార్టులో లేని అక్షరాలు కూడా రెండు చదివారు. తాతగారు నవ్వలేదు. సొరుగు తీసి, అద్దాలు మార్చి మార్చి పెట్టే ఇనప ఫ్రేము ఒకటుంటుంది, అది మాస్టారి ముక్కు మీద బిగించి, ఒక్కో అద్దమే వేస్తూ, "ఇది బాగుందా, ముందుది బాగుందా" అని అడిగారు. మొత్తానికి ఐదో వరుస కుదిరింది.

"పెళ్ళిచూపులకి కూడా ఇంత పరీక్ష పెట్టలేదండీ నాకు."

"పెట్టుంటే మీ ఆవిడ బతికిపోయేది. కదలకుండా కూర్చోండి."

తర్వాత నన్ను నిలబెట్టారు. ఆఖరి వరుస వరకూ చదివాను. చివరి అక్షరం మసకగా ఉంటే ఉజ్జాయింపుగా ఏదో ఒకటి చెప్పాను.

"ఒప్పే. చూసి చెప్పావా?"

"అలా అనిపించింది తాతగారూ."

"అనిపించినవి పైకెళ్ళి మీ అమ్మకి చెప్పు. ఇక్కడ కనిపిస్తే కనిపించిందను, లేకపోతే లేదను. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. చివరిది కనిపించడం లేదు అన్నాను.

"ఆఁ. ఇప్పుడు పనికొస్తావు," అన్నారు.

అప్పుడు ఆయన కాగితాల్లో ఉన్నది నోటితో చెప్పారు. ఇల్లు, దుకాణం, అందులోని సామాను, అన్నీ మా అమ్మాయికి అన్నారు. ఆవేళ తారీఖు కాగితం మీద చూడకుండా చెప్పారు. మాస్టారు ఆగలేక, "మరి అబ్బాయికి?" అన్నారు.

"మాస్టారూ, మీరు చూడాల్సింది నా చెయ్యి. నా కారణాలు కాదు."

కొడుక్కి ఎందుకు రాయలేదో నాకు తెలియదు. మీరు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ తెలియదనే చెప్పాను. వాళ్ళ మధ్య ఏముందో నాకు అనిపించేవి కొన్ని ఉన్నాయి. అవి చెప్పను.

తాతగారు రెండు పేజీల మీదా సంతకం పెట్టారు. చూశాను. పెడుతున్నంతసేపూ మాస్టారు ఆ ఇనప ఫ్రేముతోనే బల్ల మీదికి వంగి, బావిలోకి తొంగి చూసినట్టు చూస్తూ ఉన్నారు. అది చూశాను. తర్వాత నేను సంతకం పెట్టాను. పెట్టి పెన్ను కింద పెట్టేలోపు మా అమ్మ పైనుంచి కేకేసింది: "ట్యాంకు పొంగిపోతోంది, మోటారు ఆపవే." మోటారు స్విచ్చి మెట్ల కింద ఉంటుంది. వెళ్ళి ఆపి వచ్చాను. నేను వచ్చేసరికి మాస్టారి సంతకం కాగితం మీద ఉంది. తాతగారు పెన్నుకి మూత పెడుతున్నారు. మాస్టారు ఫ్రేము తీసి ముక్కు రుద్దుకుంటున్నారు. మాస్టారు సంతకం పెట్టడం నేను చూడలేదు.

ఇక మతి స్థిమితం మాట. ఫిర్యాదులో ఆ భాగం మీరు చదివి వినిపించారు. సొంత వీలునామా రాసుకుంటూ సాక్షుల చేత గోడమీద అక్షరాలు చదివించిన మనిషికి మతి ఉన్నట్టా అని ఉంది. ఈ సంగతి కొడుకుగారికి ఎలా తెలిసిందంటే, మాస్టారు బతికుండగా వీధంతా చెప్పి నవ్వించారు కాబట్టి. నా మనవి ఒకటే. ఫిర్యాదు మొదటి పేజీలో మాస్టారు ఆ రోజు రానేలేదని ఉంది. రెండో పేజీలో మాస్టారి చేత అక్షరాలు చదివించారని ఉంది. రాని మనిషి కళ్ళు ఎవరు పరీక్షించారో రాసినవాళ్ళనే అడగండి.

తాతగారు ఎవరినైనా అలాగే చేసేవారు. ఒకసారి అద్దె కారు పిలిపించుకుని, ఎక్కేముందు డ్రైవర్ని దుకాణంలోకి రమ్మని చార్టు ముందు కూర్చోబెట్టారు. కొడుకుగారే పక్కన ఉండి, "నాన్నా, ఆలస్యమైపోతోంది" అన్నారు. డ్రైవర్ మూడో వరుస దగ్గరే ఆగిపోయాడు. ఆ రోజు ప్రయాణం మానేశారు. నేను మెట్ల మీద ఉండి చూశాను. ఇది పిచ్చి అయితే అప్పుడే పిచ్చి అనాల్సింది. అప్పుడు ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఆ ఇంటితో నాకున్న సంబంధం. దీన్ని మీరు అడక్కముందే నేను చెప్పాను, అది రాసుకోండి.

మా అమ్మ అద్దె ఇంటి గోడకి మేకు కొట్టదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మాట పడాల్సి వస్తుందని భయం. మా క్యాలెండరు తలుపు గడియకి వేలాడుతుంది. తలుపు తీసినప్పుడల్లా నెల ఊగుతుంది. నేను రోజూ ఎవరెవరి ఇళ్ళకో ప్లాను గీసి, మేకుల చోటు కూడా గుర్తుపెట్టి ఇస్తాను. తాతగారు పోయాక ఆయన కూతురు మా దగ్గరికి వచ్చి, దుకాణం ఉంచుకుంటానని, పైవాటా అమ్మేస్తానని, మొదట మమ్మల్నే అడుగుతున్నానని చెప్పింది. ఆమెని నేను అక్క అంటాను. వయసుకి పిన్ని అనాలి. ఒకసారి అన్నాను, మళ్ళీ అనలేదు.

కొనే ముందు ఒక లాయరు మేడంని కలిశాను. ఆవిడ గోడలు, కిటికీల ఊసు ఎత్తలేదు. "అమ్మేవాళ్ళకి ఆ ఇల్లు ఎలా వచ్చింది?" అని అడిగారు. వీలునామాతో అన్నాను. "అయితే దాని మీద నోరు విప్పేవాళ్ళు ఎవరున్నారో ముందు కనుక్కో. వాళ్ళు నోరు విప్పి, కోర్టు దాన్ని మూసేదాకా నువ్వు కొన్నది గాలి. ఒప్పందం రాసుకున్నా, అమ్మేవాళ్ళ హక్కు తేలితేనే మిగతాది అని అందులో రాయించు." రాయించాను. అడ్వాన్సు చాలా కొద్దిగా ఇచ్చాం. నోరు విప్పేవాళ్ళు ఆ నెలలోనే విప్పారు.

మళ్ళీ లాయరు మేడం దగ్గరికి వెళ్ళాను. "వీలునామాలో నీకేమీ రాయలేదు. అది మంచిది. కానీ నువ్విప్పుడు సాక్షివీ, ఆ ఇల్లు కొనేదానివీ కూడా. అవతలి లాయరు నిన్ను ఏం చూశావని అడగడు. నీకేం వస్తుందని అడుగుతాడు," అన్నారు. మాస్టారి సంతకం చూడలేదన్న సంగతి కూడా చెప్పాను. "ఇద్దరూ చూడాల్సింది ఆయన సంతకం. ఒకళ్ళ సంతకం ఒకళ్ళు చూసుకోనక్కర్లేదు. చూసింది చెప్పు, చూడనిది వదిలెయ్," అన్నారు.

ఈ మాట అక్కకి చెప్పాను. అక్కకి రుచించలేదు.

"లాయరు మాట లాయరుది. తర్వాత పెట్టించుకున్నారని వాడు గోల చేస్తుంటే నువ్వు చూడలేదంటావా? చూశాను అంటే నీ సొమ్మేం పోయింది? వెనక్కి తిరిగి వచ్చేలోపే కదా పెట్టాడాయన."

"అలాగే అనిపిస్తుంది అక్కా. కానీ చూడలేదు."

"పైవాటా కావాలా వద్దా నీకు?"

కావాలి అన్నాను.

తర్వాతి వారం కొడుకుగారు మా ఆఫీసుకి వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. "ఆ రోజు మా నాన్న ఎప్పటిలా లేరు అని ఒక్క మాట చెప్పమ్మా. పైవాటా మీ అమ్మగారి పేరున రాసిస్తాను," అన్నారు. ఆయన కళ్ళజోడు తాతగారు చేసిందే. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని తీసి తుడుస్తూనే ఉన్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. ఎందుకు తుడుస్తున్నారో నాకు తెలియదు.

ఆ రకంగా రెండు వైపుల వాళ్ళూ ఒకే ఇల్లు నాకు ఇస్తామన్నారు. ఒకరికి నేను చూడనిది చూడాలి. ఒకరికి చూసింది చూడకూడదు.

ఈ రోజు ఇక్కడికి వచ్చేముందు అక్కతో చేసుకున్న ఒప్పందం రద్దు చేసుకున్నాను. రద్దు కాగితం మీకు ఇచ్చాను. అడ్వాన్సు వెనక్కి వచ్చింది. రేపు కేసు అక్క వైపు తేలితే పైవాటా నాకే అమ్మాలని ఆమెకి ఎలాంటి బాధ్యతా లేదు. అమ్ముతానని మాట కూడా ఇవ్వలేదు. రద్దు చేసే ముందు అమ్మకి చెప్పాను. అమ్మ క్యాలెండరు వైపు చూసింది.

"మంచిపని చేశావు. ఇంకో పదకొండేళ్ళు గడియకే వేలాడదీద్దాం. గడియ గట్టిదే," అంది.

తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళి, నా వైపు తిరక్కుండా, "ఆయన నిన్నే ఎందుకు పిలిచాడో ఇప్పుడర్థమైంది. నన్ను పిలిచుంటే ఎవరేం అడిగితే అది చూశాననేదాన్ని," అంది.

మా అమ్మ అలా అనేది కాదు. కానీ అది నాకు అనిపించడమే కాబట్టి లెక్కలోకి తీసుకోకండి.

ఈ వాంగ్మూలం టైపు చేసినావిడ మొత్తం చదివి వినిపించారు. ఒక చోట "మాస్టారు సంతకం పెట్టడం నేను చూశాను" అని ఉంది. ఆవిడ తప్పు లేదు. పైన వాక్యాలన్నీ చూశాను, చూశాను అని వచ్చాయి, చెయ్యి ఆ ఊపులో వెళ్ళిపోయింది. గది తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది, ఆమెకీ వినిపించింది. తలెత్తి నా వైపు చూసింది. ఆ ఒక్క మాట అలా వదిలేస్తే నేను అబద్ధం ఆడినట్టు కూడా కాదు, వినలేదంటే సరిపోతుంది. విన్నాను. దిద్దమని అడిగాను. టైపు చేసినావిడ ఆ మాట కొట్టేసి పెన్నుతో "చూడలేదు" అని రాశారు. అక్క తల దించుకుంది. అది కోపమో ఇంకేదో నాకు తెలియదు.

పైన ఉన్నవి నేను చూసినవీ, చెవులారా విన్నవీ. కనిపించని చోట కనిపించలేదనే ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరి మాటా ఇందులో కలవలేదు. దిద్దిన చోట ఒక సంతకం, కింద ఒక సంతకం, రెండూ నావే. మీరు చూస్తుండగా పెట్టాను.

సంతకం