ఏడింటి మొహం

సాయంత్రం నాలుగున్నర. రెండు కుర్చీల సెలూన్‌లో ఒక కుర్చీ ఖాళీ. రెండో దాంట్లో చెవుల దాకా నురగ పట్టించుకుని ఒక బట్టతలాయన. గోడ మీద టీవీ తన మానాన తాను వాగుతోంది. షాపు పెద్దాయనకు నోరూ కత్తీ రెండూ పదునే, ఎప్పుడు ఏది ముందు ఆడుతుందో ఆయనకే తెలియదు.

"అదే చెప్తున్నా సార్. ఆ ఏడింటి వార్తలాయన మాట నేను వినను. మొహం చూస్తాను."

"మొహం చూస్తే ఏం తెలుస్తుంది పెద్దాయనా?"

"భలేవారే! ముప్ఫై ఏళ్లుగా మొహాల మీదే బతుకుతున్నాను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"కాస్త టీవీ సౌండ్ తగ్గించండి. తల వాచిపోతోంది."

"అమ్మో, ఆ మాట మాత్రం అనకండి. షాపుల్లో టీవీ నోరు నొక్కకూడదని కాగితం అంటించి పోయారు, అదిగో, అద్దం పక్కన. సౌండ్ ఇరవైకి తగ్గకూడదట. మొన్న ఒకడొచ్చి, రిమోట్ తీసుకుని, అంకె చూసుకుని మరీ వెళ్లాడు."

"ఎవరు?"

"ఎవరు బాబూ అని అడుగుతామా? చేతిలో ఫైలుంది, మొహంలో నవ్వు లేదు. చాలదూ?"

"ఎందుకొచ్చాడు?"

"అభిప్రాయ సేకరణ అన్నాడు. యుద్ధం వార్తల గురించి జనం ఏమనుకుంటున్నారో రాసివ్వాలట. ఫారంలో రెండే గళ్లు సార్. ఒకటి 'బాగున్నాయి'. రెండోది 'చాలా బాగున్నాయి'."

"మీరేం పెట్టారు?"

"'చాలా బాగున్నాయి' దగ్గర టిక్కు పెట్టాను. సరిగ్గా పడలేదేమోనని దాని మీదే ఇంకోటి పెట్టాను. ఈ పక్క సైకిల్ షాపాయన ఉన్నాడే, ముక్కుసూటి మనిషి, ఉత్త 'బాగున్నాయి' దగ్గర పెట్టాడు."

"అయితే?"

"మీరు వస్తూ చూసే ఉంటారు. షట్టరు దింపి ఉంది. తొమ్మిది రోజులైంది."

"ఊరెళ్లాడేమో."

"చెప్పులు గుమ్మంలో వదిలేసి, సగం ఊడదీసిన సైకిల్ రోడ్డు మీద వదిలేసి ఎవరైనా ఊరెళ్తారా సార్? గడ్డం కొంచెం పైకెత్తండి. ఆఁ, చాలు."

"ఏదేమైనా జనం వార్తలు నమ్ముతున్నారుగా?"

"ఈ కుర్చీలో ఉన్నంతసేపూ అందరూ నమ్ముతారు. రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఉన్నారు. 'వంతెన మన చేతుల్లోనే ఉంది' అని టీవీలో చదవగానే చప్పట్లు కొడతారు, నురగంతా నా కళ్లలో పడుతుంది. ఆయనే బయటికెళ్తూ, చెప్పులేసుకుంటూ, గుసగుసగా అడుగుతారు, 'ఏమోయ్, నిన్న మొహం ఎలా ఉంది?' అని."

"మళ్లీ మొహం!"

"మాట నమ్మితే నవ్వుతారు సార్. మొన్న 'మన దళాలు వెనక్కి సర్దుకున్నాయి' అన్నాడు చూశారా? బస్సు సీట్లో సర్దుకున్నట్టు! ఇప్పుడు మా వీధంతా అదే మాట. కరెంటు పోతే 'సర్దుకుంది' అంటున్నారు. పాలావిడ ఖాళీ క్యాన్ చూపించి, 'పాలు సర్దుకున్నాయమ్మా' అంటోంది."

"రాసిచ్చింది చదువుతాడు. చదివేవాడి తప్పేముంది అందులో?"

"రాసే చెయ్యి మాకు కనబడదు కదా. కనబడేది ఆ నోరే. తిట్లూ దానికే."

"బాగా తిడతారా?"

"తిట్టరా మరి! నాకైతే మొదట్లో అరికాలి మంట నెత్తికెక్కేది. మా ఆవిడ టీవీ మీదికి చెప్పెత్తింది ఒకసారి. ఇప్పుడు తిట్టదు. టీవీ దగ్గరికంటా వెళ్లి, కొంగుతో తెర తుడిచి మరీ చూస్తుంది."

"ఏం చూస్తుంది?"

"చెప్పనా, వద్దా... మీ దగ్గర ఫైలేం లేదుగా?"

"లేదు. చెప్పండి."

"గాటు చూస్తుంది సార్."

"గాటా?"

"ఆయన ఎడమ దవడ కింద. ఇదివరకు మేకప్ చేసేవాళ్లు కాబోలు, ఏమీ కనబడేది కాదు. యుద్ధం మొదలయ్యాక పౌడరు సరిగ్గా కొట్టడం లేదు."

"మేకప్‌వాళ్లని కూడా యుద్ధానికి పట్టుకెళ్లారని... ఎవరో అన్నారు."

"ఏమో మరి. ఆయన గడ్డం ఆయనే గీసుకుంటాడు. ఎలా తెలుసనకండి, సొంతంగా గీసుకున్న గడ్డం నాకు తెలియదూ? చెవి కింద ఎప్పుడూ రెండు వెంట్రుకలు వదిలేస్తాడు. చెయ్యి నిలకడగా ఉన్న రోజు నున్నగా ఉంటుంది. వణికిన రోజు దవడ కింద గాటు పడుతుంది. గాటు పడ్డ రోజు నోటితో ఏం చదివినా సరే, మూడో రోజుకి మా వీధుల్లోకి తెల్ల వ్యాన్ వస్తుంది."

"ఏ వ్యాన్?"

"తెలియనట్టు అడుగుతారేంటి సార్? 'మీవాడు లేడు' అని చెప్పడానికి వచ్చే వ్యాన్. ఎవరింటి ముందు ఆగుతుందా అని అందరం తలుపు సందులోంచి చూస్తుంటాం. మనింటి ముందు ఆగకపోతే చాలనుకుంటాం, పాపిష్టి మనసు. ఏడుసార్లు గాటు పడింది. ఏడుసార్లూ వ్యాన్ వచ్చింది."

"ఏదో అలా కలిసింది. అంతే."

"ఒకసారి కలుస్తుంది, రెండుసార్లు కలుస్తుంది. ఏడుసార్లా? గాటు పడ్డ రోజు మందుల షాపులో నిద్రమాత్రలు ఎనిమిదింటికల్లా అయిపోతాయట."

"మీరు ఇది... ఎంతమందికి చెప్పారు?"

"ఒట్టు సార్, మా ఆవిడ ఒక్కదానికే."

"మరి ఇంతమందికి ఎలా తెలిసింది?"

"మా ఆవిడకి చెప్పానన్నాను కదా! ఇప్పుడు నగరం నగరమంతా ఏడింటికి సౌండ్ ఇరవైలో పెట్టుకుని, చెవులు మూసుకుని, ఆయన దవడ వంక చూస్తోంది. ఇప్పుడు నాకు కోపం కూడా లేదు సార్. పాపం అనిపిస్తుంది. ఆ టీవీ మొత్తంలో మాకు నిజం చెప్తున్నవాడు ఆయనొక్కడే. అదీ ఆయనకి తెలియకుండా. మింగకండి. కత్తి గొంతు మీదుంది."

"మీవాళ్లెవరైనా ఉన్నారా అక్కడ?"

"మా చిన్నోడు. వంతెన దగ్గరే. పదకొండు రోజులైంది ఫోనొచ్చి. వాడికి గడ్డం కూడా సరిగ్గా రాలేదు సార్. వెళ్లే ముందురోజు మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, 'నాన్నా, గీసెయ్' అన్నాడు. గీయడానికి అక్కడేముంది నా మొహం? ఉత్త నురగ పూసి, ఉత్త నురగ తీశాను. అద్దంలో చూసుకుని ఎంత మురిసిపోయాడో వెధవ."

"వస్తాడులెండి."

"మొన్న గాటు లేదు. నిన్నా లేదు. ఇవాళొక్క రోజు గడిస్తే... తల ఇటు తిప్పండి. ఇంకొంచెం. ఆగండాగండి, ఇదేంటి?"

"ఏంటి?"

"దవడ కింద ఈ మచ్చలు. ఒకటి, రెండు, మూడు... ఐదు... ఏడు."

"తొందరగా కానివ్వండి. నాకు పనుంది."

"ఏడింటికా సార్? అంటే టీవీలో ఆ జుట్టు విగ్గా!"

"అరవకండి, మీకు దణ్ణం పెడతాను."

"ఎవడు కట్ చేస్తున్నాడ్రా నాయనా ఈ జుట్టు, అని పదేళ్లుగా కుళ్లి చచ్చాను సార్! విగ్గా! నవ్వొస్తోంది, ఏమనుకోకండి. ఇందాకట్నుంచీ మీ మొహానికే నురగ పూసి, మిమ్మల్నే పట్టుకుని... అయ్యో రామ. గొంతు కూడా గుర్తుపట్టలేదే!"

"జలుబు చేసింది."

"సరే. ఒక్కమాట అడుగుతాను. ఇన్నాళ్లూ మీ గడ్డం మీరే గీసుకున్నారు. ఇవాళ నా దగ్గరికెందుకొచ్చారు?"

"చెయ్యి నొప్పి."

"ఏదీ, గుడ్డ కిందనుంచి బయటికి తియ్యండి. తియ్యండి సార్, చూద్దాం. ఇది నొప్పి కాదు. వణుకు."

"రాత్రి నిద్ర లేదు, అందుకని..."

"నీళ్లు నమలకండి. ఏడింటికి చదివే కాగితం మీ చేతికి ఎప్పుడిస్తారు?"

"మధ్యాహ్నం."

"అది చూశాక గడ్డం గీసుకుంటారు. అంతేనా? ఇవాళ చూశాక కత్తే పట్టుకోలేకపోయారు. ఏముంది అందులో? వంతెన సంగతా?"

"వంతెన మన చేతుల్లోనే ఉంది."

"మింగారు సార్."

"లేదే."

"వేలి కింద గొంతు బుడిపె కదిలింది. ఈ కుర్చీలో ఎవడు అబద్ధమాడినా నా వేలికి తెలిసిపోతుంది. మళ్లీ చెప్పండి. వంతెన?"

"ముందు ఆ కత్తి తియ్యండి."

"దాని పని అది చేసుకుంటోంది. భయపడకండి, నా చెయ్యి వణకదు. వంతెన?"

"లేదు."

"లేదంటే?"

"నిన్న పొద్దున్నే పోయింది. ఇవాళ 'వంతెన దగ్గర మన దళాలు సర్దుకున్నాయి' అని చదవాలి."

"తిరిగొచ్చినవాళ్లు ఎంతమంది?"

"అంకె ఇవ్వలేదు."

"మాకు చెప్పే అంకె కాదు సార్. మీ కాగితంలో ఉండే అంకె."

"ఎప్పుడూ ఉంటుంది. అడుగున చిన్న అక్షరాలతో, చదవడానికి కాదని రాసి ఉంటుంది. ఇవాళ తిరిగొచ్చినవాళ్లు అన్నచోట అంకె లేదు. గీత ఉంది."

"గీతంటే?"

"అడగొద్దు పెద్దాయనా."

"గీతంటే ఏంటి సార్?"

"ఒక్కరూ రాలేదని."

"కత్తి కింద పెట్టనీండి సార్."

"పెద్దాయనా? కూర్చోండి. ఆ కుర్చీలో కూర్చోండి. ఇక్కడ నీళ్లెక్కడుంటాయి?"

"నీళ్లొద్దు. ఉత్త నురగే సార్. ఉత్త నురగే పూసి తీశాను. ఒక్క వెంట్రుక రాలేదు కత్తికి..."

"నన్ను తిట్టండి. కొట్టండి. ఏదో ఒకటి చెయ్యండి."

"మిమ్మల్ని కొడితే వంతెన లేస్తుందా?"

"అయితే గాటు పెట్టండి."

"ఏంటి?"

"దవడ కింద. పెద్దది. కెమెరాకి బాగా కనబడాలి. నోటితో నేను చెప్పలేను, స్టూడియోలో అద్దం అవతల ఇద్దరు నిలబడి ఉంటారు, నా ఇంటి ముందు ఇంకో ఇద్దరు. పిల్లలున్నారు నాకు. నోటితో చేతకాదు. మీరే అన్నారుగా, ఊరంతా చూసేది నా మొహమేనని. మొహంతో చెప్తాను. ఏడుసార్లు తెలియకుండా చెప్పాను, ఇవాళొక్కసారి తెలిసి చెప్తాను."

"నిజంగానే పెట్టమంటారా?"

"పెట్టండి. వంతెన దగ్గర పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇవాళే తెలియాలి. మూడు రోజులు ఆగి, ఆ వ్యాన్ వచ్చి చెప్పడం కాదు."

"పెడతాను సార్. లోతుగా పెడతాను. పౌడరు డబ్బా మొత్తం బోర్లించినా కనబడేటట్టు పెడతాను. చూడనీండి అందర్నీ. ఇంకా ఎన్నాళ్లు తలుపు సందులోంచి చూస్తాం? తల వెనక్కి వాల్చండి. కళ్లు మూసుకోండి. అబ్బ, ఈ ఫోనొకటి. మా ఆవిడ."

"తియ్యకండి."

"తియ్యకపోతే పరిగెత్తుకుంటూ ఇక్కడికే వచ్చేస్తుంది. ఆఁ, చెప్పవే."

"ఏమయ్యా, అప్పట్నుంచీ చేస్తుంటే ఎత్తవేం?"

"గడ్డం చేస్తున్నానే."

"ఎవరి గడ్డమైతే నాకేం, ఏడింటికల్లా ఇంట్లో ఉండు. ఒక్కదాన్నే చూడలేను. విను, వరసగా మూడు రోజులు గాటు లేకపోతే ఇంక పర్లేదని నువ్వేగా అన్నావు?"

"అన్నాను."

"ఇవాళ్టికి మూడు. అన్నం వండాను. నాలుగు రోజులైంది నేను ముద్ద మింగి. గాటు లేకపోతే ఇవాళ కడుపు నిండా తింటాను. ఉందో..."

"ఉంటే?"

"ఉంటే నన్ను మాత్రం ఆపకు. ముందే చెప్తున్నా. నాకిక బతికే ఓపిక లేదు."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"ఏమయ్యా, ఉంటుందంటావా?"

"చూద్దాంలేవే."

"నీ గొంతు అలా ఉందేంటి?"

"ఏం లేదు, నోట్లోకి నురగ పోయింది. ఇవాళ ఉండదు లేవే."

"నీకెలా తెలుసు?"

"తెలుసన్నానుగా. చిన్నోడికేం కాదు. వాళ్లంతా... సర్దుకున్నారట. నువ్వు తిను. నేనొచ్చేదాకా ఆగకు. పెట్టేస్తున్నా."

"పెద్దాయనా, ఎందుకలా చెప్పారు?"

"మెడ పైకెత్తండి సార్."

"మూడో రోజు ఆ వ్యాన్ మీ ఇంటి ముందు ఆగుతుంది. అప్పుడేం చెప్తారు ఆవిడకి?"

"మూడో రోజు కదా సార్."

"నాకు మిగిలిన నిజం ఇదొక్కటే. దీన్ని కూడా నున్నగా గీసెయ్యకండి. మీకు పుణ్యముంటుంది. మిగతా ఇళ్లు..."

"కదలకండి సార్. చిన్న గాటు కూడా పడకూడదు."