చవుడు మడిలో కేళీలు

అరవై ఏడులో, ముసునూరు దగ్గర చేను. తెల్లారితే కోత. కొత్త పొట్టి వరిలో నిరుటి రాలుగింజకి మొలిచిన పాత రకాల్ని, అంటే కేళీల్ని, కూలిమనిషి ఏరుతోంది. గట్టు మీద రైతు భార్య అటూ ఇటూ తిరుగుతోంది.

"ఇంకా ఎంతసేపే? గ్రామసేవక్ గారు వచ్చే వేళయింది. ఒకటే రకం కనబడకపోతే మన వడ్లు విత్తనానికి తీసుకోరు."

"పై మడులు అయిపోయాయండి. ఈ చవుడు మడిలోనే చెయ్యాడటం లేదు. కొత్త వరి మాడిపోయింది. గింజ పట్టినవన్నీ కేళీలే. పీకేస్తే మడి బోడిగుండేనండి."

"అయినా పీకు. అయ్యగారి మాట."

"వచ్చే ఏడు ఇందులో ఏం నాటుతారమ్మగారూ?"

"పొద్దుట్నించీ నాకూ అదే బెంగ. ఒళ్ళో ఏంటవి?"

"పీకిన వెన్నులండి. కేళీలు ఏరినవాళ్ళవే కదండీ! కోళ్ళకేస్తాం."

"ఎన్ని రకాలు?"

"ఎర్రముల్లుది, నల్లపొట్టుది, గుండుగింజది. నాలుగోదాని పేరు మా అత్తకే తెలియాలి."

"కోళ్ళకి వెయ్యకు. దేని ముంతలో దాన్ని దాచు, విత్తనానికి నేను తీసుకుంటాను. అయ్యగారికి చెప్పకు, నవ్వుతారు."

"ముంతలు పొద్దున్నే కడిగిపెట్టానండి."

"ఎవరు చెప్పారు?"

"అయ్యగారేనండి. అమ్మగారికి తెలిస్తే నవ్వుతారు, చెప్పకన్నారు."